గీత మధ్యలో సారు

అప్పుడు నాకు అక్షరం ముక్క రాదు. అందుకే ఆ సారు గురించి ఇన్నాళ్లకు రాస్తున్నాను.

పట్నం శివారులో బార్కస్ అవతల ఫ్యాక్టరీ పునాదుల దగ్గర నేను మట్టి మోసేదాన్ని. అక్కడ పాతకాలపు సమాధుల కుండలు బయటపడితే, వాటిని కాపాడడానికి సర్కారు ఈ సారును పంపింది. ఎవరూ తవ్వొద్దని ఆయన ఆ చోటు చుట్టూ సున్నం గీత పోశారు. మాకేమో పునాదికి ముగ్గు పోసిన చోటే తవ్వడం అలవాటు. గడ్డపార దిగి ఒక కుండ పగిలింది. ఆనాటి నుంచి ఆయన గీత మధ్యలోనే కూర్చునేవారు, పెంకుల మీద రుమాలు కప్పి.

"గా కుండలల్ల మీ తాత ఉన్నడా ఏంది సారూ?" అని మేస్త్రీ నవ్వేవాడు.

ఒక సాయంత్రం సారు నాతో, "రేపు ఆఫీసుకు రమ్మన్నరమ్మా. నేను లేస్తే వీళ్లు తవ్వుతరు, లేవకుంటే నా నౌకరీ పోతది," అన్నారు.

మర్నాడు పొద్దున్నే నేను ఆ సున్నం ఊడ్చేసి, సారు కూర్చునే చోట మూడు కర్రలు నిలబెట్టి, నా చంటిదాన్ని ఉయ్యాల్లో వేశాను.