ఏ గొట్టం ఎందులో, మాస్టారూ?

ఎల్డన్‌కి ఏదీ తెలియదు. మిషిగన్‌లోని ఆ సరస్సు ఒడ్డు క్యాంపులో ఇరవై వేసవులు గడిపినా, ఇల్లులాంటి క్యాంపర్ బండి గ్యాసుకి గ్రిల్ పొయ్యి ఎలా తగిలించాలో ఆయన బుర్రకెక్కలేదు. చేతిలో గొట్టం వేలాడేసుకుని బండి బండికీ తిరిగి అడుగుతాడు. ఎవరు చెప్పినా శ్రద్ధగా వింటాడు, మర్నాడు మళ్లీ అడుగుతాడు.

ఆ శనివారం వెండెల్ మాస్టారికి ఆయనతో మాట్లాడే ఓపిక లేదు. లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. బండీ కొత్తదే, గ్రిల్లూ కొత్తదే. మధ్యాహ్నం కాబోయే వియ్యంకులు మొదటిసారి భోజనానికి వస్తున్నారు. "నాకు తెలియకపోవడమేంటి" అని భార్య డోరిస్ దగ్గర కోతలు కోశాడు. తీరా ముట్టిస్తే మంట దీపం వత్తిలా మినుకుమంటోంది. గంటైనా పంది పక్కటెముకలు పచ్చిగానే ఉన్నాయి. ఎవర్నైనా అడుగుదామంటే నోరు పెగలదు.

అప్పుడే ఊడిపడ్డాడు ఎల్డన్.

"మాస్టారూ, నాకంతా అయోమయంగా ఉంది. బండి సిలిండర్ దగ్గర ఒక రెగ్యులేటర్ ఉంది కదా, గ్రిల్ గొట్టానికి ఇంకోటుంది. ఒకటికి రెండుంటే మంచిదేగా?"

మాస్టారికీ అయోమయమే. కానీ తెలియదనడం ఆయన వంశంలో లేదు. "రెండుంటే... ఒత్తిడి రెండుసార్లు తగ్గిపోదూ?" అన్నాడు, తన గ్రిల్ కేసి చూస్తూ.

"ఓహో. అయితే గ్రిల్‌ది తీసేసి, రెగ్యులేటర్ లేని గొట్టం పెట్టాలన్నమాట" అన్నాడు ఎల్డన్. వెళ్తూ వెళ్తూ అలాంటి గొట్టమే ఒకటి బల్ల మీద మర్చిపోయాడు.

మాస్టారు పొయ్యి ఆర్పి, గ్యాసు కట్టి, గొట్టం మార్చేసరికి మళ్లీ ప్రత్యక్షం. ఈసారి చేతిలో సబ్బునీళ్ల గిన్నె.

"గ్యాసు తిప్పాక, పొయ్యి ముట్టించకముందు, అతుకుల మీద ఇది రాయాలట. బుడగలొస్తే మంచిదా, చెడ్డదా?"

"గ్యాసు కారుతుంటే కదండీ బుడగలొచ్చేది. ఆ మాత్రం తెలియదా?"

"ఎక్కడ తెలిసి చచ్చింది" అని వెళ్లిపోయాడు ఎల్డన్. గిన్నె మర్చిపోయాడు.

మాస్టారు తన అతుకు మీద రాసి చూశాడు. బుడగలు బిలబిలా పొంగాయి. గ్యాసు కట్టి, బిగించి, మళ్లీ తిప్పి రాశాడు. ఈసారి ఒక్క బుడగా లేదు.

వియ్యంకులు వేళ్లు నాక్కుంటూ తిని వెళ్లారు. "పాపం ఎల్డన్, వెర్రిబాగులవాడు. అన్నీ నేనే చెప్పాల్సొచ్చింది" అన్నాడు మాస్టారు.

డోరిస్ ఆయన్ని జాలిగా చూసింది. "ఆయన నలభై ఏళ్లు గ్యాసు మేస్త్రీ అండీ. ఈ క్యాంపులో పైపులన్నీ ఆయన వేసినవేనట, ఆఫీసులో అమ్మాయి చెప్పింది. అడగలేనివాళ్ల దగ్గరికి తనే వెళ్లి అడుగుతాడట."

మాస్టారికి సిగ్గేసింది. ఆ ముసలాయన మీద ఎక్కడలేని ప్రేమా పుట్టుకొచ్చింది.

పొద్దున్నే ఎల్డన్ తల గోక్కుంటూ వచ్చాడు. "మాస్టారూ, వంటయ్యాక గ్రిల్‌కొచ్చే గ్యాసు కట్టెయ్యాలా, తెల్లార్లూ తీసి ఉంచొచ్చా?"

మాస్టారు గబగబా వెళ్లి తన గ్రిల్ గ్యాసు కట్టేసి వచ్చాడు.

"నేనడిగింది నా గ్రిల్ సంగతండీ" అన్నాడు ఎల్డన్.

"తెలుసులెండి" అన్నాడు మాస్టారు, కుర్చీ జరుపుతూ. "కూర్చోండి, కాఫీ తాగుదాం. మీకింకా ఏమేం తెలియవో అన్నీ నిదానంగా అడగండి."