మాతకు మొక్కిన చారల శాలువా

డెబ్బైల్లో మా ఇల్లు గుణదల మేరీమాత కొండ కింద ఉండేది. ఒక చలికాలం మా అక్కకు చలిజ్వరం పట్టుకుంది. తగ్గినట్టే తగ్గి రోజు విడిచి రోజు మళ్లీ వచ్చేది. డాక్టరుగారు మందు మార్చినా లాభం లేకపోయింది. అమ్మ మేరీమాతకు మొక్కుకుంది. "చీరలు అందరూ పెడతారు తల్లీ, నేను తిరునాళ్లకి ఊలు శాలువా అల్లించి కప్పుతాను. నా పిల్లని నాకివ్వు" అంది. బాగానే ఉంది గానీ, అల్లాల్సింది నేను! కాన్వెంటులో సిస్టరుగారి దగ్గర అల్లిక నేర్చుకున్న పాపానికి.

అసలే నాకు ఒకచోట కాలు నిలవదు. అక్క పక్కగదిలో మూలుగుతుంటే ఇంక చెప్పాలా, కాలుగాలిన పిల్లినే. కాసేపు అల్లడం, లేచి వెళ్లి దాని నుదురు తాకి చూడడం, మళ్లీ వచ్చి కూర్చోవడం. వన్‌టౌన్ బజారు నుంచి తెచ్చిన ఊలుండలు మంచం కిందికి దొర్లిపోయేవి. ఏ చార ఎక్కడ ఆపాలో మరిచిపోయేదాన్ని. ఎరుపు జానెడు వస్తే పసుపు వేలెడు వచ్చింది. విప్పి సరిచేద్దామంటే అమ్మ ఒప్పుకోదు. మొక్కుకున్నది విప్పకూడదట. మాతకన్నా ముందు ఇంకొకరి ఒంటికి తగిలితే ఎంగిలి కింద లెక్కట. అందుకని ఒళ్లో ఉతికిన తువ్వాలు పరుచుకుని దాని మీద అల్లేదాన్ని.

"ఏవిటే ఆ కంగారు? చేతిలో ఉన్నవి సూదులా, నిప్పులా?" అనేది అమ్మ.

"మరి దానికెప్పుడు తగ్గుతుంది? ముందు అది చెప్పు!" అని అరిచేదాన్ని. భయం పుడితే నాకు కోపమే వస్తుంది.

తిరునాళ్లు దగ్గరపడ్డాయి. ఒక్క చార మిగిలింది. ఆ సాయంత్రం అక్కకు మళ్లీ చలి వచ్చింది. ఇంట్లో ఉన్న దుప్పట్లన్నీ కప్పాం. అయినా పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి, మంచం ఊగిపోతోంది. "చలేస్తోందే, చలేస్తోందే" అంటోంది. నేనిక ఆగలేకపోయాను. అల్లుతున్న శాలువాను సూదితో సహా తీసుకెళ్లి దాని మీద కప్పేశాను.

అమ్మ గుమ్మంలో కొయ్యబారిపోయింది. కొట్టినా సరే తియ్యనివ్వనని మంచానికి అడ్డంగా నిలబడ్డాను. లోపల మాత్రం ఒకటే భయం. మాతకు కోపమొచ్చి అక్కను తీసుకుపోతే?

అమ్మ నన్ను పక్కకు నెట్టి, శాలువాను అక్క మెడదాకా లాగింది.

"ఆ సూది తీసెయ్యవే, పిల్లకి గుచ్చుకుంటుంది."

"కుట్లన్నీ జారిపోతాయమ్మా. ఇంక మాతకి పనికిరాదు."

"ఆవిడా తల్లే కదే. తియ్యి."

లాగేశాను. తిరునాళ్లకు జ్వరం విడిచిన అక్క, అంచు ఊడిపోతున్న ఆ శాలువా కప్పుకునే, ఆయాసపడుతూ కొండెక్కింది. అమ్మ వట్టి చేతులతో మాత ముందు నిలబడి వెక్కివెక్కి ఏడ్చింది.