పిట్టక్క వంటగట్టు

ఆసుపత్రిలో దుప్పట్లు మడతపెట్టే పనికి చేరిన మొదటి వారంలోనే ఆమెకు పిట్టక్క అని పేరు పడింది. మనిషి అంత చిన్నది. పనిబల్ల ఆమె గుండెల దాకా వచ్చేది. ఆమె నోరు తెరిచి అడగలేదు. పెద్ద నర్సమ్మే చూసి, వడ్రంగిని పిలిపించి, బల్ల కాళ్లు నాలుగూ సమంగా కోయించింది. "చేతులు హాయిగా ఆడాలి తల్లీ" అంది, అంతే. ఇరవై రెండేళ్లుగా ఆ నర్సమ్మ చల్లగా ఉండాలని పిట్టక్క దేవుణ్ణి అడగని రోజు లేదు.

ఇంట్లో సంగతి వేరు. ఎవరో కట్టుకున్న ఇంటిని ఆమే, భర్తా కొనుక్కున్నారు. వంటగట్టు ముందు చిన్న చెక్కపీట వేసుకుని, దాని మీద నిలబడి వండేది. పిక్కలు పట్టేసేవి. పోయిన నెల మరుగుతున్న నీళ్ల గిన్నె దించబోయి పీట మీంచి జారింది. దేవుడి దయ, నీళ్లు గోడ మీద పడ్డాయి. గిన్నె బరువుకు గట్టు మీది బండ మాత్రం నిలువునా పగిలింది.

బండ మార్చడానికి తాపీమేస్త్రీ వచ్చినప్పుడు ఆమె మనసులో మాట బయటపెట్టింది.

"ఏవండీ, ఎలాగూ మారుస్తున్నాం కదా, గట్టును ఓ జానెడు దింపిద్దామా?"

భర్త బస్సు డ్రైవరు. ఆరడుగుల మనిషి, మెత్తనివాడే. ఇల్లు అనేసరికి మాత్రం గట్టిపడిపోతాడు.

"జానెడా! రేపు అమ్మాల్సొస్తే? చూడొచ్చినవాళ్లు, ఇదేం బొమ్మరిల్లురా అని నవ్విపోతారు."

"ఇప్పుడు అమ్ముతున్నామా?"

"అమ్మం. అయినా అమ్మేట్టు ఉండాలి."

"డ్యూటీ ఎక్కగానే మీరు మొదట సీటు సర్దుకోరూ? ఆ బస్సేమన్నా మీదా?"

మేస్త్రీ కిసుక్కున నవ్వాడు. "దొరికిపోయావు బావా!"

"నువ్వూరుకో. సీటయితే మళ్లీ వెనక్కి లాగొచ్చు. గట్టును లాగుతావా?"

ఆమె ముఖం చిన్నబోవడం మేస్త్రీ కంటపడింది. "కొలిచి చూస్తే పోయేదేముంది బావా" అంటూ టేపు తీశాడు. "అక్కా, కూర తరుగుతున్నట్టు నిలబడు. మోచేతికి నాలుగు వేళ్లు కిందగా గట్టుండాలి."

ఆమె వెళ్లి నిలబడింది. మేస్త్రీ కొలిచి, గోడ మీద పెన్సిలు గీత గీసి, వెనక్కి జరిగి బుర్ర గోక్కున్నాడు. గీత సరిగ్గా పాత గట్టు మట్టానికే వచ్చింది.

"చెప్పానా! గట్టు నీ ఎత్తుకే ఉంది కదే!" అని భర్త ఉత్సాహంగా టేపు చూడటానికి వంగాడు. వంగినవాడు అలాగే ఉండిపోయాడు.

ఆమె అలవాటు కొద్దీ పీటెక్కి నిలబడి ఉంది. పీట ఇరుకు. కాలివేళ్లు ముందు అంచును గట్టిగా పట్టుకున్నాయి, మడమలు రెండూ వెనక గాలిలో ఉన్నాయి. ఇన్నేళ్లూ తను దర్జాగా కూర్చుని తిన్నదంతా ఆమె అలా నిలబడి వండినదే.

"అయ్యో, చూసుకోలేదండీ!" అని ఆమె నాలిక కరుచుకుంది.

అతను నవ్వలేదు. చెయ్యి అందించి ఆమెను కిందికి దించాడు. "మళ్లీ టేపు పెట్టు మేస్త్రీ."

"మరి రేపు కొనేవాళ్లొస్తే, బావా?"

"వాళ్ల మోచేతులు వాళ్లొచ్చాక చూద్దాం. ముందు మా ఆవిడది చూడు."

ఈసారి గీత జానెడు కిందికి దిగింది.

ఇప్పుడు డ్యూటీ నుంచి వచ్చి టీ తాగాక, గట్టులోని సింకులో గ్లాసు కడుక్కోవాలంటే అతను నడుం బాగా వంచాలి. "అబ్బా!" అని మూలుగుతాడు.

"ఉండండి, నేను కడుగుతా" అంటుంది ఆమె.

"కూర్చోవే" అంటూ ఆమె గ్లాసు కూడా లాక్కుని కడిగేస్తాడు.