గడియారం చూసి పాలిచ్చిన రోజులు

కొత్తగా తల్లయిన అమ్మాయిలు నన్ను ఏదైనా సలహా చెప్పమంటే, ముందు నేను చేసిన వెధవపని చెబుతాను. మంచి మాటలు చెప్పేవాళ్ళు వాళ్ళ చుట్టూ ఎటూ బోలెడంత మంది ఉంటారు. తాము చేసిన వెధవపని ఒప్పుకునేవాళ్ళే తక్కువ.

అప్పట్లో నేను అమీర్‌పేటలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నేర్పేదాన్ని. ఐటీ ఉద్యోగాల కోసం ఊళ్ళకు ఊళ్ళు అక్కడికి దిగిపోతున్న రోజులవి. గోడల మీదా, మెట్ల మీదా, కరెంటు స్తంభాల మీదా కోర్సుల కాగితాలే. ఏడింటికో బ్యాచ్, పదింటికో బ్యాచ్, ఒంటిగంటకో బ్యాచ్. నా క్లాసు మొదలై పది నిమిషాలు దాటితే తలుపు వేసేసేదాన్ని, బయట నిలబడి ఎంత బతిమాలినా తీసేదాన్ని కాదు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, ఆ మాట దాచను. వెనకాల నన్ను ఏమనేవాళ్ళో కూడా తెలుసు. కానీ నా బ్యాచ్ టైముకి మొదలై టైముకి అయ్యేది, అదంటే నాకు మహా గొప్ప.

పాప పుట్టినప్పుడు మధురానగర్‌లో ఒక మేడ మీద అద్దెకుండేవాళ్ళం. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. అత్తగారు ఒంగోలు నుంచి వచ్చి నెల రోజులు మాకు అన్నీ చేశారు. పాప మూలిగితే చాలు, తెచ్చి నా ఒళ్ళో పడేసేవారు. "ఇందాకే కదండీ తాగింది" అంటే, "తాగితే మళ్ళీ తాగకూడదా ఏంటి" అనేవారు. ఈలోగా మా ఆడపడుచుకి నెలలు నిండాయి, అత్తగారు అటు వెళ్ళాల్సొచ్చింది. మా ఆయన పొద్దున ఎనిమిదింటికి ఆఫీసు క్యాబ్ ఎక్కితే మళ్ళీ చీకటి పడ్డాకే వచ్చేవాడు. ఇంట్లో నేనూ పాపా మిగిలాం.

ఇక నాదే రాజ్యం. అంతకుముందే ఇంటర్నెట్ సెంటర్లో ఒక కాగితం ప్రింటు తీయించి ఉంచుకున్నాను. పిల్లలకి మూడు గంటలకోసారి పాలివ్వాలి, ఒక్కో వైపు పది నిమిషాలు, అలా అలవాటు చేస్తే ఏడుపులుండవు అని దాని సారాంశం. ఎవరు రాశారో, ఏ పిల్లల గురించి రాశారో చూడనైనా లేదు. దాన్ని గళ్ళు గీసి టైంటేబుల్‌గా మార్చి ఫ్రిజ్‌కి అంటించాను. ఏడు, పది, ఒంటిగంట, నాలుగు, ఏడు. అచ్చం మా ఇన్‌స్టిట్యూట్ బోర్డే. మా ఆయన చూసి, "చివర్లో సర్టిఫికెట్ కూడా ఇస్తావా పాపకి" అని నవ్వాడు. నేను నవ్వలేదు.

మొదటి రెండు రోజులు పాప తొమ్మిదింటికే ఏడుపు అందుకునేది. ఎత్తుకుని తిప్పేదాన్ని, జోకొట్టేదాన్ని, నోట్లో ఉత్త పీక పెట్టేదాన్ని, పాలు మాత్రం ఇచ్చేదాన్ని కాదు. "పదింటికి కదమ్మా" అని దానికి నచ్చజెప్పేదాన్ని కూడా. నెల పిల్లకి.

మూడో రోజు కింద వాటాలో ఉండే ఇంటి ఓనరమ్మ పైకొచ్చింది. ఐదుగురిని కని పెంచిన మనిషి, ఆమెని మేము ఖాలా అనేవాళ్ళం, అంటే ఉర్దూలో పిన్ని. "బేటీ, పిల్ల గంట సేపటి నుంచి ఏడుస్తున్నది. జర పాలియ్యరాదూ" అంది.

"ఇంకా నలభై నిమిషాలుంది ఖాలా."

ఆమె నా మొహం చూసింది, గోడ మీది గడియారం చూసింది. "పాలు తాగేది గడియారమా, పిల్లనా?" అని అడిగింది.

"మీ రోజులు వేరు. ఇప్పుడు డాక్టర్లు ఇట్లాగే ఇమ్మంటున్నారు" అన్నాను. ఏ డాక్టరూ నాకు అలా చెప్పలేదు. ఖాలా మెట్లు దిగి వెళ్ళిపోయింది.

వారం తిరిగేసరికి ఏడుపు ఆగిపోయింది. తొమ్మిదింటికి కిక్కురుమనేది కాదు. పదింటికి నేనే లేపితే నాలుగు గుక్కలు తాగి, చేయి వేలాడేసి మళ్ళీ నిద్ర. ఆఫీసుకి ఫోన్ చేసి "సెట్ అయిపోయింది" అని మా ఆయనకి చెప్పి చంకలు గుద్దుకున్నాను. ఆ వారమంతా హాయిగా అన్నం తిన్నాను, జుట్టు దువ్వుకున్నాను, కూర్చుని పేపరు కూడా చదివాను.

ఆరు వారాల టీకాలకి పంజాగుట్టలో పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. బరువు చూశారు. పుస్తకంలో పాత బరువు చూసి, పాపని మళ్ళీ తూచారు. "నెల నాటికి ఎంతుందో ఇప్పుడూ ఇంచుమించు అంతే ఉందమ్మా" అన్నారు.

"చాలా బుద్ధిగా పడుకుంటుంది డాక్టర్ గారూ, అస్సలు ఏడవదు" అన్నాను.

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "అంత బుద్ధిమంతులంటే మాకు భయం. ఏడ్చే ఓపిక లేక పడుకుంటే దాన్ని నిద్ర అనరు" అన్నారు. అడిగినప్పుడల్లా పాలివ్వమన్నారు, రెండు గంటలు దాటితే లేపి మరీ ఇమ్మన్నారు. లేపినా లేవకపోయినా, తాగడం మానేసినా వెంటనే తీసుకురమ్మన్నారు. లేదంటే పది రోజులకి రండి, అప్పటికీ బరువు పెరగకపోతే డబ్బా పాలు మొదలుపెడదాం అన్నారు.

డబ్బా పాలతో పిల్లలు చక్కగా పెరుగుతారు. అవసరమైనవాళ్ళని ఒక్క మాటన్నా నేను ఊరుకోను. నా ఏడుపు అది కాదు. ఇంట్లో వండి పెట్టుకుని పిల్లని పస్తు పడుకోబెట్టాను, అదీ నా ఏడుపు. పంజాగుట్ట చౌరస్తాలో ఆటో ఎంత సేపు ఆగిందో అంత సేపూ ఏడ్చాను. మా ఆయన ఏదో చెప్పబోతే "నువ్వు మాట్లాడకు" అని కసిరాను. ఆయనేం చేశాడు పాపం.

ఇంటికొచ్చి మా మెట్లెక్కకుండా ఖాలా తలుపే కొట్టాను. జరిగింది చెప్పాను. నేను ముందే అనలేదా అని ఆమె అంటుందని కాచుకున్నాను. అనలేదు. పాపని చేతుల్లోకి తీసుకుని, "రోజుకి ఎన్ని గుడ్డలు తడుపుతది?" అని అడిగింది.

నేనెప్పుడూ లెక్కపెట్టలేదు. కొన్న డైపర్లు తొడిగి పూటకోసారి మార్చేదాన్ని. ఎన్నిసార్లు తడిసిందో దానిలో ఏం తెలుస్తుంది?

"అందుకే నీ తీగ మీద పిల్లగుడ్డలు కనబడయి" అని లోపలికెళ్ళి పాత కాటన్ లుంగీలు రెండు తెచ్చింది, చర్రున ముక్కలు చింపింది. "గీ గుడ్డలు లెక్కవెట్టు. లోపల పడ్డయే బయటికొస్తయి. ఆరు దాటితే ఫికర్ లేదు" అంది. మర్నాడు లెక్కపెడితే నాలుగే. ఆ నాలుగు గుడ్డలూ తీగ మీద మళ్ళీ మళ్ళీ లెక్కపెట్టాను.

ఏడుపు ఆఖరి మాటట. "దానికి ముంగటనే పిల్ల మస్తు చెప్తది, చూసేటోళ్ళు ఉండాలె" అనేది ఖాలా. పిడికిలి నోట్లో కుక్కుకుంటుంది, పెదాలు చప్పరిస్తుంది, మెడ అటూ ఇటూ తిప్పి వెతుక్కుంటుంది. అప్పుడే ఒళ్ళోకి తీసుకోవాలి, గుక్కపట్టాక ఇస్తే సరిగ్గా పట్టుకోలేదు. తాగుతూ తాగుతూ నిద్రపోతే టోపీ తీసెయ్యాలి, చుట్టిన గుడ్డ విప్పెయ్యాలి, అరికాలు మెల్లగా గీకాలి. ఒకవైపు అదే వదిలేదాకా ఉంచి, ఆ తర్వాతే రెండో వైపు. పది నిమిషాలని వాచీ చూసి నేను లాగేసినప్పుడల్లా చిక్కటి పాలు లోపలే ఉండిపోయాయన్నమాట. నీళ్ళెక్కువ తాగితే పొట్టొస్తుందని అత్తగారు చెప్పిన పత్యం కూడా ఖాలాయే చెడగొట్టింది. నేను కూర్చునే చోట చెంబుడు నీళ్ళు పెట్టి, దాహమైతే తాగమంది.

ఆమె చెప్పిందల్లా తలూపానని కాదు. ఒకరోజు ఘుట్టీ అని ఏదో కషాయం చుక్క పాప నాలుకకి రాస్తానంది. ఆరు నెలల దాకా పాలు తప్ప మంచినీళ్ళు కూడా పట్టొద్దన్నారు డాక్టరు, వద్దు ఖాలా అన్నాను. ఆ పూటంతా మూతి ముడుచుకుంది. కాటుక కళ్ళకొద్దంటే మాత్రం వింది, అరికాల్లో ఇంత చుక్క పెట్టి దిష్టి తీసింది.

తర్వాత నేను నేర్చుకున్నవి కూడా ఇక్కడే అనేస్తాను, మళ్ళీ మర్చిపోతాను. నాలుగో నెలలో మళ్ళీ ఉద్యోగానికి వెళ్ళినప్పుడు చేత్తో పాలు పిండి ఫ్రిజ్‌లో పెట్టి వెళ్ళేదాన్ని, ఖాలా ఉగ్గుగిన్నెతో పట్టేది. ఆ గిన్నె ప్రతిసారీ మరిగించాలి, బద్ధకించకూడదు. పాకడం వచ్చిందంటే బాత్రూంలో బకెట్ బోర్లించే ఉండాలి, జానెడు నీళ్ళు కూడా వదలొద్దు. వేరుశనగ గింజలు చేతికందనివ్వొద్దు. అన్నం తనే తింటానంటే తిననివ్వండి, నేల తుడిస్తే పోతుంది.

డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చిన ఆరో రోజు మధ్యాహ్నం నేను బియ్యం కడుగుతున్నాను. లోపల్నుంచి ఒక్క కేక. ఇల్లెగిరిపోయేంత ఏడుపు. రెండు వారాలుగా ఆ గొంతు నేను వినలేదు. బియ్యం గిన్నె అక్కడే వదిలేసి పరిగెత్తాను. ఒళ్ళో వేసుకునేదాకా అది ఊరుకోలేదు, పైగా కోపంగా నా చీర పట్టుకుని లాగింది. కింద నుంచి ఖాలా "ఏమైంది బేటీ" అని అరిచింది. "ఏడుస్తోంది ఖాలా" అన్నాను. చెబుతుంటే నాకు నవ్వూ ఏడుపూ కలిసొచ్చాయి. ఆ రోజు గుడ్డలు ఏడు.

పదో రోజు మా ఆయనకి సెలవు దొరకలేదు, ఖాలా తోడొచ్చింది. బరువు తూచే చల్లటి రేకు తట్టలో పడుకోబెట్టేసరికి పాప ఘొల్లుమంది. నేను ఎత్తేసుకున్నాను. నర్సు విసుక్కుంది. "ముల్లు ఆగాలె కదమ్మా, జర ఏడ్వనియ్యి" అని మళ్ళీ పెట్టించింది. మళ్ళీ ఎత్తేసుకున్నాను. నాలుగు గుక్కలు ఏడిస్తే ఏమీ కాదని నాకూ తెలుసు, పది రోజులుగా నేను ఎదురుచూసింది ఆ ముల్లు కోసమే. కానీ పిల్ల ఏడుస్తుంటే చేతులు కట్టుకుని నిలబడటం ఇక నా వల్ల కాలేదు. మూడోసారి ఖాలా నా రెండు చేతులూ గట్టిగా పట్టుకుంది.

పెరిగింది. డాక్టరు పుస్తకంలో రాసుకుని, డబ్బా అక్కర్లేదు, ఇలాగే కానివ్వండి అన్నారు.

బయట బెంచీ మీద కూర్చుని పాలిస్తూ, "నన్ను క్షమించు తల్లీ" అని దానితో పైకే అన్నాను. "అంత చిన్న పోరికి ఏం తెలుస్తది బేటీ" అంది ఖాలా. తెలియదని నాకూ తెలుసు. అయినా చెప్పాలనిపించింది, ఇంకోసారి చెప్పాను.