మార్తమ్మ టీచరుగారు చదివించిన మాట

మొన్న ఐ.పోలవరం వెళ్తుంటే బస్సు కిటికీలోంచి రొయ్యల చెరువుల నీచువాసన వచ్చింది. పాతికేళ్లయినా ఆ వాసన తగిలితే మార్తమ్మ టీచరుగారి పక్కన ఆటోలో కూర్చున్నట్టే ఉంటుంది.

ఆవిడ మా స్కూల్లో ఇంగ్లీషు చెప్పేవారు. నేను లెక్కలు చెప్పడానికి కొత్తగా చేరాను. ప్రోగ్రెస్ కార్డు మీద ఏం రాసినా, ఆ విద్యార్థిని ఎదురుగా నిలబెట్టి చదివి వినిపించాకే ఆవిడ సంతకం పెట్టేవారు. "అంత తీరికెక్కడిదండీ?" అని నవ్వేవాణ్ణి. "మొహం చూసి చదవలేనిది రాయకూడదండీ" అనేవారు.

ఆ ఏడాది పదో తరగతిలో కుమారి అనే అమ్మాయి వరసగా మూడో యూనిట్ పరీక్షలోనూ లెక్కల్లో తప్పింది. విసుగుతో, కాస్త ఇంగ్లీషు గొప్ప కోసం కూడా, ఆమె కార్డు మీద 'డూమ్డ్' అని రాసి ఇంటికి పంపేశాను. వారమైనా ఆ అమ్మాయి బడికి రాలేదు.

సంగతి తెలిసి టీచరుగారు కళ్లద్దాలు తీసేశారు. "డూమ్ అంటే పూర్వం తీర్పని అర్థమండీ. తరవాత శిక్ష అయ్యింది. ఇప్పుడైతే తప్పించుకోలేని నాశనం. వీటిలో మీరేది రాసేరు?"

"ఏదో మాటవరసకండీ..."

"ఆళ్లకది మాటవరస కాదు గదండీ. పదండి, చదివి వద్దురుగాని."

ఆటోలో రొయ్యల చెరువుల మధ్యనుంచి వాళ్లింటికి వెళ్లాం. కుమారి నాన్న చెరువు కాపలా మనిషి. చూరులోంచి కార్డు తీసి ఇచ్చాడు. "ఈ పిల్ల రాతింతేనని రాసేరంట గదండీ. సోమవారం నుంచి రొయ్యలొలిచే షెడ్డుకి పంపేత్తన్నామండి." తలుపు చాటున కుమారి నిలబడి ఉంది. ఆమెను చూస్తూ ఆ మాట చదవబోయి, చూపు కార్డు మీదకి దించేశాను. రెండోసారి తలెత్తి చదివాను. "తప్పు రాశానండీ" అన్నాను.

"అయితే పాసవుద్దంటారా మాష్టారూ?"

"తెలీదండీ. రోజూ సాయంత్రం నేను కూర్చోబెట్టి చెబుతాను."

"తెలీనోరు మరి అలా ఎలా రాసేరండీ?"

సాయం కోసం టీచరుగారి వైపు చూశాను. ఆయనకే చెప్పమన్నట్టు ఆవిడ కుమారి నాన్న వైపు చూపించారు.

సోమవారం కుమారి బడికే వచ్చింది. పరీక్షల దాకా నా దగ్గర లెక్కలు చెప్పించుకుంది. ఒక్కరోజూ తలెత్తి నన్ను చూడలేదు. ఫలితాలు వచ్చేదాకా నాకు అన్నం సయించలేదు. అత్తెసరు మార్కులతో గట్టెక్కింది. నా తప్పు మాత్రం దానితో చెరిగిపోలేదు.

టీచరుగారు కాలం చేసి చాలా ఏళ్లయింది. నేను రిటైరవబోతున్నాను. ఇప్పటికీ ఎవరైనా వచ్చి "మావాడు గట్టెక్కుతాడంటారా?" అని అడిగితే నాకు లోపల బెదురే. "తెలీదండీ, కూర్చోబెట్టి చూద్దాం" అంటాను. మాష్టారికే తెలీకపోతే ఎలాగండీ అని కొందరు నవ్వుతారు. నవ్వనీ.