నా భార్యకు సూది వేసిన పెద్దమ్మ

జరిగినదాన్ని ముందు వరుసగా రాస్తాను.

1. పోయిన సోమవారం తెల్లవారుజామున మా ఎదురింటి పెద్దమ్మకు ఛాతీలో నొప్పి లేచింది.

2. నేను జీపు మాట్లాడాను. ఖమ్మం దవాఖానాకు బయలుదేరాము. నా భార్య ఆమె తలను ఒడిలో పెట్టుకొని వెనుక సీటులో కూర్చున్నది.

3. పెనుబల్లి చేరకముందే ఆమె ప్రాణం పోయింది. డ్రైవరు జీపు ఆపాడు. "ఎందుకాపినవ్? పోనియ్యి" అన్నది నా భార్య.

4. ఆ పొద్దు నా భార్య తన ఇన్సులిన్ సూది వేయించుకోలేదు. మరునాడూ వేయించుకోలేదు.

పెద్దమ్మ మాకు చుట్టం కాదు. భర్త పోయిన తర్వాత ఆ ఇంట్లో ఒక్కతే ఉండేది. కొడుకు కొత్తగూడెంలో బొగ్గు గని పనిలో ఉన్నాడు. నా భార్య ఆమెను పెద్దమ్మ అని పిలిచింది కనుక నేను ఆమెకు అల్లుడినయ్యాను. అల్లుడికి జరగవలసిన మర్యాదలేవీ నాకు జరగలేదు. ఎగతాళి మాత్రం లోటు లేకుండా జరిగింది.

ఆమె గురించి మంచి మాటలు రాయాలని కూర్చున్నాను. రాస్తాను. కాని బతికి ఉన్నన్నాళ్లూ ఆమెను చూస్తే నాకు అసూయ. అది వదిలేసి రాస్తే ఈ స్మృతిలో ఉండేది ఆమె కాదు, మరెవరో.

దమ్మపేట దగ్గర మా ఊళ్లో నేను కరెంటు మోటార్లకు వైండింగ్ చేస్తాను. ఆ పని నాకెవరూ నేర్పలేదు. కాలిపోయిన మోటార్లు విప్పి చూసి, పుస్తకాలు చదివి నేర్చుకున్నాను. నా భార్యకు చక్కెర వ్యాధి ఉన్నదని తెలిసిన నాడు, దాన్నీ అట్లాగే నేర్చుకోవచ్చుననుకున్నాను. తినవలసినవి ఒక వరుస, తినకూడనివి ఒక వరుస, నడవవలసిన వేళలు ఒక వరుస రాసి వంటగది గోడకు అంటించాను. ఆమె దాని మీద చేటను తగిలించుకున్నది.

గోళీలు చేతికిస్తే కొంగున ముడివేసుకొని మరిచిపోయేది. ఉప్పు జాడీ చుట్టూ చీమలు తిరుగుతుంటే మూత తీసి చూశాను. లోపల బెల్లం ముక్క ఉన్నది. రక్తపరీక్షలో వచ్చిన అంకెను చదివి వినిపిస్తే ఒకసారి నా ముఖం మీదే అన్నది:

"నా నెత్తురుకు మార్కులేసుడు బంద్ చెయ్యి. నేనేమన్న నీ షాపుకొచ్చిన మోటారునా?"

కొన్నాళ్లకు ఆమె కాలి వేలికి పుండు లేచింది. ఎంతకూ మానలేదు. సూదులు మొదలుపెట్టకపోతే వేలు తీయవలసి వస్తుందని, ఆ తర్వాత వేలితో ఆగుతుందని కూడా చెప్పలేనని కొత్తగూడెంలో డాక్టరు అన్నాడు. నేను బత్తాయి పండుకు నీళ్ల సూదులు వేసి చేయి కుదుర్చుకున్నాను. మందు సీసా చల్లగా ఉండాలని ఫ్రిజ్ కొన్నాను. నా భార్య చేయి ఇవ్వలేదు. బతిమాలాను, కోప్పడ్డాను. చివరకు నేను అన్నం మానేశాను. ఆమె తిన్నది.

అప్పుడు పెద్దమ్మ మా వాకిట్లోకి వచ్చింది. ఆమెకు కూడా రోజూ సూదులే. ఊరి నర్సు వచ్చి వేసిపోయేది. ఆమె నా వైపు చూడనైనా చూడకుండా నా భార్యతో అన్నది:

"నర్సమ్మకు బదిలీ అయిందంట బిడ్డా. నా కొడుకేమో ఏడనో ఉండె. నాకు గుచ్చెటోళ్లు లేరు. నువ్వు జర గుచ్చరాదు?"

ఆ సాయంత్రం నా భార్య నా దగ్గరకు వచ్చి కూర్చున్నది. సిరంజి ఎట్లా పట్టాలో, గాలి బుడగ ఎట్లా తీయాలో అడిగింది. మా పెళ్లయిన తర్వాత నేను చెప్పిన పాఠాన్ని ఆమె చివరిదాకా విన్నది ఆ ఒక్కసారే. అది కూడా మరొకరి చేయి కోసం.

వారం తిరగకముందే, పెద్దమ్మకు సూది వేసిన తర్వాత, తన రవిక చేయి పైకి మడిచి, "ఇగ నాకు నువ్వే కానియ్యి పెద్దమ్మా" అన్నదట. అన్నదట అని రాయవలసి వస్తున్నది. ఆ మాట అన్నప్పుడు నేను అక్కడ లేను.

ఆనాటినుంచి పొద్దునా సాయంత్రం ఆ ఇంటి అరుగు మీద ఇద్దరూ ఒకరికొకరు సూదులు వేసుకునేవారు. మా ఫ్రిజ్‌లోని సీసా కూడా అటే కాపురం పోయింది. తడి ఇసుక పోసిన చిన్న కుండలో పెద్దమ్మ సీసా పక్కన అది ఉండేది. మా ఫ్రిజ్‌లో మజ్జిగ మిగిలింది.

నేను నా వాకిట్లో మోటారు విప్పుకుంటూ వినేవాడిని. అక్కడ చక్కెర మాటే వచ్చేది కాదు. ఎవరి గేదె ఈనింది, ఎవరి కోడలు అలిగి తల్లిగారింటికి పోయింది, తునికాకు కల్లం దగ్గర ఎవరు ఎవరిని తిట్టారు. సూది గుచ్చేటప్పుడు సూది ముచ్చట తీయొద్దని పెద్దమ్మ అనేది. మధ్యలో నా భార్య నవ్వు వినిపించేది. అంత నవ్వు ఆమె దగ్గర ఉన్నదని నేను వీధికి ఇవతలినుంచి తెలుసుకున్నాను.

ఒక మామిడికాలంలో నా భార్య చేతిలో పండు ముక్క చూసి వీధి దాటి వెళ్లాను. ఆమెకు మామిడి పడదని చెప్పాను.

"అవ్, పడది. అందుకే ఒక్క ముక్క పెట్టిన" అన్నది పెద్దమ్మ. "నువ్వు వద్దంటే దాసుకొని కాయంత తింటది."

డాక్టరు చెప్పిన మాటలు గుర్తు చేయబోయాను.

"డాక్టరు మంచిగనే చెప్పిండు. ఆయన ఒక్కసారి చెప్పిండు, నువ్వు దినాం చెప్తున్నవ్. చెప్పే నోటికి ఆకలెక్కువ అల్లుడా, వినే చెవికి నిద్రెక్కువ."

ఆ తర్వాత ఇద్దరూ చెప్పులు వేసుకొని జీడిమామిడి తోటలదాకా నడిచి వచ్చారు. నేను గోడకు అంటించిన కాగితంలో రాసిన నడక కన్నా అది పొడవు.

పుండు మానింది. నా భార్య ఈనాడు రెండు కాళ్ల మీద నడుస్తున్నదంటే అది పెద్దమ్మ చలవే. ఇంట్లో ఎవరు చూసుకుంటున్నారమ్మా అని డాక్టరు అడిగితే, "మా పెద్దమ్మ" అని చెప్పింది. పరీక్షల కాగితాల సంచి ఒడిలో పెట్టుకొని నేను పక్క కుర్చీలోనే ఉన్నాను.

తర్వాత ఒకనాడు దమ్మపేట బస్టాండులో ఆ నర్సు కనపడింది. ఏ ఊరికి బదిలీ అయిందని అడిగాను. ఎక్కడికీ కాలేదని, పెద్దమ్మే తనను ఇక రావద్దన్నదని చెప్పింది. ఇంటికి రాగానే పెద్దమ్మను అడిగాను. ఆమె ముందు మా ఇంటి తలుపు వైపు చూసుకున్నది.

"నీ నోట్ల నువ్వుగింజ నానుతదా అల్లుడా?"

"నానుతది అత్తమ్మా" అన్నాను.

నానబెట్టాను. ఇది చదివితే తప్ప నా భార్యకు ఇప్పటికీ తెలియదు. నేను ఆమెకు కావలసినవన్నీ తెచ్చి ఇచ్చాను. పెద్దమ్మ ఆమెను సాయం అడిగింది. ఆ ఉపాయం నాకు తోచి ఉంటే ఆ నవ్వు మా వాకిట్లో వినిపించేదేమోనని ఎన్నోసార్లు అనుకున్నాను. తోచినా, నేను అడిగితే చేసేదో లేదో.

మూడోనాడు చిన్నదినం చేశారు. పెద్దదినానికి మళ్లీ వస్తామని చెప్పి కొడుకు ఇంటికి తాళం వేశాడు. వెళ్లే ముందు నా భార్య సీసాను మాకు తెచ్చి ఇచ్చాడు. ఆ సాయంత్రం సిరంజి సిద్ధం చేసుకొని ఆమె ముందు కూర్చున్నాను.

"నేను వేస్త. చేయి ఇయ్యి."

"వద్దు."

"పుండు మళ్ల లేస్తది."

"లేవనియ్యి. ఆమె దినాం మంచిగనే ఏసుకున్నది కద. ఏమైంది?"

దీనికి నా పుస్తకాల్లో జవాబు ఉన్నది. సిరంజికి మూత పెట్టి లేచాను.

నీళ్ల చెంబు మాటిమాటికి ఖాళీ అవుతున్నది. కళ్లు మసకబారుతున్నాయని ఆమె అనలేదు. కాని బియ్యంలో రాళ్లు ఏరడం మానేసింది. నేను ఏరుతున్నాను. ఆమె కాలి వేళ్లను, ఆమె చూడనప్పుడు చూస్తున్నాను.

ఈ ఉదయం లేచేసరికి ఆమె ఇంట్లో లేదు. బయటకు వచ్చి చూస్తే తాళం వేసిన ఆ ఇంటి అరుగు మీద ఉన్నది. చేయిని మోకాలికి ఆనించి, తన సూది తానే వేసుకుంటున్నది. నన్ను పిలవలేదు. గుచ్చిన చోట దూది ఒత్తుకుంటూ, మూసిన తలుపు వైపు తిరిగి ఏదో చెప్పడం మొదలుపెట్టింది. మధ్యలో ఒకసారి నవ్వింది.

సూది తర్వాత తినాలి. లోపలికి వచ్చి జొన్నరొట్టె కాల్చాను. పళ్లెంతో గడప దగ్గరకు వచ్చి పిలవబోయి ఆగాను. పిలిస్తే వస్తుంది, కాని ముచ్చట సగంలో తెగుతుంది. రొట్టె మీద మూత పెట్టి, గడపలోనే కూర్చొని ఇది రాస్తున్నాను. ఎండ అరుగు మీదికి, ఆమె పాదాల దాకా వచ్చింది. వేళ్లు ఇక్కడినుంచి స్పష్టంగా కనపడుతున్నాయి. ఆమె ఇంకా ఇటు తిరగలేదు.

ఉదయం ఏడు గంటల పది నిమిషాలు.

యర్రమల్ల వెంకటనారాయణ