పొయ్యి మీద పాకం, ఫోన్‌లో పెద్దమ్మ

ఈ బెంగాలీ రైల్వే ఊళ్లో, తాల్‌బగీచా అనే పేటలో మా ఇల్లు సన్నగా, పొడుగ్గా, గది వెనక గదిగా ఉంటుంది. వీధి వైపు గదిలో వైఫై పెట్టె, చిట్టచివర వంటిల్లు. వైఫై ముందు గదిలో మహారాజులా వెలుగుతుంది, వంటింటికి చేరేసరికి నీరసించిపోతుంది. వంటింట్లో కూర్చుని ఫోన్ చూసేంత తీరిక ఎవరికీ లేదు కాబట్టి మేం దాన్ని ఎప్పుడూ పట్టించుకోలేదు. మొన్నటి క్రిస్మస్ ముందు మాత్రం ఇంటిల్లిపాదినీ పరుగులు పెట్టించింది.

క్రిస్మస్‌కి మా ఇంట్లో అరిసెలు ఉండి తీరాలి. కేకు బజారులో దొరుకుతుంది. ఆరాధన అయ్యాక మా ఇంటికొచ్చేవాళ్ల కళ్లు మాత్రం అరిసెల పళ్లెం మీదే ఉంటాయి. ఏటా అమ్మ వాళ్ల అక్క, మా పెద్దమ్మ, పలాసలో రైలెక్కి వచ్చి వాటిని చేసి వెళ్లేది. బియ్యం నానబెట్టడం, పిండి జల్లించడం, వెనక నిలబడి గరిటెలు అందించడం అమ్మ పని. పాకం జోలికి మాత్రం వెళ్లేది కాదు. "నాకా చెయ్యి నేదే" అనేది, ఎవరో తీర్పు చెప్పేసినట్టు.

ఈసారి పెద్దమ్మకి మోకాళ్లు వాచాయి, ప్రయాణం వద్దన్నారు. అరిసెలు మానేద్దామని అమ్మ అంటే పెద్దమ్మ ఫోన్‌లోనే కస్సుమంది.

"ఎందుకు మానీడం? వీడియోలో నాను సూస్తాను, నువ్వు సెయ్యి. ఏటి భయం?"

నాన్న పొద్దున్నే గోల్‌బజార్ వెళ్లి తడిబియ్యం మర పట్టించుకొచ్చాడు. ఇక వెనక్కి పోవడానికి లేదు. తడిపిండి సాయంత్రానికి పులుస్తుంది, పాకం తప్పితే పిండంతా వృథా. అమ్మ "ప్రభువా" అనుకుని బెల్లం పొయ్యి మీద పెట్టింది. అమ్మ పాత ఫోన్ పట్టుకుని నేను పక్కన నిలబడ్డాను. గూడ్సు బండి గార్డుగా రిటైరైన నాన్న కుర్చీ లాక్కుని వైఫై పెట్టె ముందు కూర్చున్నాడు. "ఇక్కడ డ్యూటీ నాది" అన్నాడు.

పాకం నురగ కట్టింది. "కొంచెం నీళ్లలో ఏసి సూపించు" అంటూండగానే పెద్దమ్మ తెరిచిన నోరు తెరిచినట్టే తెర మీద బిగుసుకుపోయింది. చక్రం తిరగడం మొదలైంది.

"ఏటైనాది? పొయ్యి ఆపీమందా, ఉంచమందా?" అమ్మ గరిటె తిప్పుతూనే అరిచింది.

నేను ప్రేమ్ బజార్‌లో జెరాక్సు కొట్టు నడుపుతాను. స్టూడెంట్ల ఫోన్లూ, మొరాయించే ప్రింటర్లూ రోజూ చూస్తూనే ఉంటాను. అలాంటిది ఈ ఫోన్ మా వంటింట్లో నా పరువు తీస్తుందా అని కోపం నషాళానికి అంటింది. ఫోన్ ఆపి మళ్లీ వేశాను. ఫ్లైట్ మోడ్‌లో పెట్టి తీశాను. లాభం లేకపోయింది.

"నాన్నా, లైట్లు ఎలా ఉన్నాయి?"

"అన్నీ పచ్చే!"

"ఆపి మళ్లీ వెయ్యండి!"

వైఫై పెట్టెలో ప్రాణం తిరిగొచ్చేదాకా ఎక్కడివాళ్లం అక్కడే ఆగాం. ముందు గదిలోకి పరిగెత్తి ఫోన్ కలిపితే పెద్దమ్మ చక్కగా ప్రత్యక్షమైంది. "పాకమేదే? నాకు మీ నాన్న లుంగీ కనబడతంది!" అని అరిచింది. ఆమెని పట్టుకుని వంటింటికి పరిగెత్తాను. గుమ్మం దాటగానే మాయం. మళ్లీ ముందు గది, మళ్లీ లుంగీ, మళ్లీ గుమ్మం దగ్గర మాయం. నాన్న నవ్వు ఆపుకోలేక కుర్చీలోనే ఊగిపోతున్నాడు. తిడదామనుకుని నేనూ నవ్వేశాను.

మూడోసారి గుమ్మంలోనే ఆగి, కాస్త బుద్ధి తెచ్చుకుని, ఫోన్ ఏ వైఫై పట్టుకుందో చూశాను. అది మాది కాదు. పక్కింటి బెంగాలీ దీదీది! ఆమె వైఫై పెట్టె మా వంటింటి గోడకి అవతల ఉంది. వెనకటికి మాది పాడైనప్పుడు తనది వాడుకోమని పాస్‌వర్డ్ ఇచ్చింది. ఫోన్ ఆ మర్యాద మర్చిపోలేదు. వంటింట్లో మాది బలహీనపడగానే దీదీ ఇంటి వైపు పోతోంది. అక్కడేమో రీచార్జ్ అయిపోయి ఉంది. ఆ సంగతి దీదీ నిన్ననే గోడ మీద నుంచి చెప్పింది కూడా. దీదీ వైఫై దానంతటది కలవకుండా ఆపేసి, మాది కలిపాను. రెండు గీతలే వచ్చాయి, కానీ పెద్దమ్మ వచ్చింది. గెలిచినట్టు వంటింట్లో అడుగుపెట్టాను.

పొయ్యి ఆరి ఉంది. గిన్నె కింద ఉంది. అమ్మ పిండి పోసి, రెండు చేతులతో తెడ్డు పట్టుకుని కలుపుతోంది.

"పాకం ఆగదు కదే. నీళ్లలో ఏస్తే ఉండ కట్టినాది. ఏసీసినాను" అంది. ఫోన్ వైపు చూడలేదు.

పిండి కలిశాక పొయ్యి మళ్లీ వెలిగించి నూనె పెట్టింది. అమ్మ మొదటి అరిసె తట్టి నూనెలో వేసింది. అది విడిపోతుందేమోనని నేను మూకుడు మీదికి వంగిపోయాను. పొంగి పైకి తేలింది. రెండు చెక్కల మధ్య నొక్కి నూనె తీసి, ఆరాక తుంచి ఫోన్ ముందు పెట్టింది. వేళ్లకి మెత్తగా విడివడింది, లోపలంతా తేనె రంగు.

పెద్దమ్మ కదల్లేదు. రెప్ప కూడా వెయ్యలేదు.

"మళ్లీ పోయింది!" అని ఫోన్‌ని దులిపాను. "నాన్నా, లైట్లు!"

"పచ్చే అమ్మడూ! అన్నీ పచ్చే!"

అప్పుడు తెర మీద కొంగు పైకి లేచింది. పెద్దమ్మ కళ్లు తుడుచుకుంటోంది. ఫోన్ ఆగలేదు, ఆమే ఆగిపోయింది.

"సెల్లీ, నాది కాసింత గట్టిగానే వొచ్చీది. ఎవులూ అనీవోరు కాదు గాని నాకు తెలుసు. ఇది మనమ్మ పాకమే. నాకెప్పుడూ రానేదు."

"ఊరుకో అప్పా" అంది అమ్మ. ముఖమంతా వెలిగిపోయింది. నాకు ఏడుపూ సంతోషమూ ఒక్కసారే వచ్చేశాయి.

"ఊరుకోడానికేటి, నాకు ఓ డబ్బాడు పంపించు. బేగి పంపించు!"

అమ్మ ఇంకో ముద్ద తీసుకుని ఆకు మీద తట్టడం మొదలెట్టింది. వాయికి రెండేసి వేస్తోంది. తల ఎత్తకుండానే నాతో అంది.

"ఆ ఫోన్ గూట్లో పెట్టీసి గరిటి అందించు. ముందుగాల దీదీకి నాలుగు తియ్యి."